ముప్పై అయిదు ఓట్లు చాలలేదు

అధ్యక్ష పీఠం కథ: 9వ భాగం

గత భాగం లింకన్ మరణం దగ్గర ఆగింది. 1865 ఏప్రిల్ 15 ఉదయం ఆయన ప్రాణం పోయిన కొన్ని గంటలకే వాషింగ్టన్‌లోని కర్క్‌వుడ్ హౌస్ హోటల్లో ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ చేత ప్రధాన న్యాయమూర్తి సామన్ చేజ్ ప్రమాణం చేయించాడు. జాన్సన్‌ను కూడా చంపాలన్నది కుట్రదారుల పథకం. ఆ పని ఒప్పుకున్న మనిషి అదే హోటల్లో గది తీసుకున్నాడు, తీరా సమయం వచ్చేసరికి ధైర్యం చాలక వెళ్లిపోయాడు.

పార్లమెంటు పద్ధతిలో ప్రధాని చనిపోతే పాలక పక్షం కూర్చుని కొత్త నాయకుణ్ణి ఎన్నుకుంటుంది. అధ్యక్ష తరహాలో ఆ వెసులుబాటు లేదు. ఎన్నికల నాడు ఓటరు పెద్దగా పట్టించుకోని రెండో పేరే మిగిలిన కాలమంతటికీ అధ్యక్షుడవుతుంది. లింకన్ రెండోసారి ప్రమాణం చేసి ఆరు వారాలే అయింది. అంటే జాన్సన్ చేతికి వచ్చినవి మూడేళ్ల పదిన్నర నెలలు. ఆ కాలాన్ని కుదించే అధికారం పార్టీకి లేదు, సభకు లేదు, మంత్రివర్గానికి లేదు. ఒకే ఒక్క దారి ఉంది, అది అభిశంసన. 1868 దాకా ఏ అధ్యక్షుడూ దానికి గురి కాలేదు.

అసలు జాన్సన్ ఎందుకు ఉపాధ్యక్షుడయ్యాడు? 1864లో అంతర్యుద్ధం నడుస్తుండగానే ఎన్నికలొచ్చాయి. లింకన్ పక్షం తమది ఒక్క రిపబ్లికన్ల పార్టీ కాదని చూపించుకోవాలనుకుని నేషనల్ యూనియన్ పేరుతో బరిలో దిగింది. జాన్సన్ డెమొక్రాట్, దక్షిణాది టెనెసీ మనిషి. తన రాష్ట్రం దేశం నుంచి విడిపోయినా సెనేట్‌లో తన కుర్చీ వదలని ఒకే ఒక్క దక్షిణాది సెనేటర్. అంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది అనుకున్నారు. ఓట్ల లెక్కలో అది సరైన ఎంపికే. ఆ మనిషే అధ్యక్షుడైతే ఏమవుతుందని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

1808లో నార్త్ కరొలైనాలో నిరుపేద ఇంట పుట్టి, బడి ముఖం చూడకుండా దర్జీ దగ్గర పనికి కుదిరి, అక్కడి నుంచి పారిపోయి, టెనెసీలో సొంత కొట్టు పెట్టుకుని పైకొచ్చినవాడు జాన్సన్. రాయడం, లెక్కలు చేయడం భార్య ఎలైజా దగ్గర నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద పత్తి తోటల దొరలంటే ఆయనకు ఒళ్లుమంట. అది చూసి రిపబ్లికన్లు ఈయన మనవాడే అనుకున్నారు. కానీ ఆ కోపం వెనక ఉన్నది పేద తెల్లవాడి కోపం. తానూ బానిసల్ని ఉంచుకున్నవాడే. బానిసత్వం పోయినందుకు ఆయనకు అభ్యంతరం లేదు. నల్లవారికి ఓటు, సమాన హక్కులు అంటే మాత్రం ససేమిరా.

ఆ రోజుల్లో కాంగ్రెస్ మామూలుగా డిసెంబరులోనే కూడేది. ఈలోగా సమావేశపరచాలంటే అధ్యక్షుడు పిలవాలి. జాన్సన్ పిలవలేదు. యుద్ధం ముగిసిన ఆ ఏడాది ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా దక్షిణాది భవిష్యత్తును ఒక్క మనిషి సంతకాలే నిర్ణయించాయి. మే 29న క్షమాభిక్ష ప్రకటన వచ్చింది. విధేయత ప్రమాణం చేసిన తిరుగుబాటుదారులకు, బానిసలు తప్ప మిగతా ఆస్తంతా తిరిగి దక్కింది. 20,000 డాలర్లకు మించి ఆస్తి ఉన్నవాళ్లు మాత్రం స్వయంగా అధ్యక్షుడికి అర్జీ పెట్టుకోవాలి. దొరల్ని తన గుమ్మం ముందు నిలబెట్టడానికే ఆ షరతు అని చాలామంది అనుకున్నారు. నిలబడ్డారు, నిజమే. ఆయన వేల సంఖ్యలో క్షమాభిక్షలు పంచిపెట్టాడు. సౌత్ కరొలైనా, జార్జియా తీరాల్లో జనరల్ షెర్మన్ ఉత్తర్వు కింద కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా భూములు పొంది, దున్ని, విత్తుకున్న మాజీ బానిసల దగ్గర నుంచి ఆ భూముల్ని లాగి పాత యజమానులకే ఇప్పించాడు. స్వేచ్ఛ వచ్చిన ఏడాదే కాళ్ల కింది నేల పోయింది. ఆ గాయం ఇప్పటికీ అమెరికాలో మానలేదు.

కొత్తగా ఏర్పడ్డ దక్షిణాది శాసనసభలు నల్లవారి మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. మిసిసిపీలో ప్రతి జనవరిలోనూ తమకు పని ఉన్నట్టు వారు రాతపూర్వకంగా రుజువు చూపాలి. చూపలేనివాడు దేశదిమ్మరి కింద లెక్క. జరిమానా కట్టలేకపోతే ఆ డబ్బు కట్టినవాడి కింద వెట్టి చేయాలి. బానిసత్వం అన్న పేరు ఒక్కటి తప్ప మిగతాదంతా తిరిగి వచ్చినట్టే.

1866 ఫిబ్రవరి 7న ఫ్రెడరిక్ డగ్లస్ నాయకత్వంలో నల్లజాతి ప్రతినిధులు అధ్యక్షుణ్ణి కలిసి ఓటు హక్కు అడిగారు. వాళ్లు చెప్పింది వినడం కంటే తాను చెప్పడానికే జాన్సన్ ఎక్కువ సమయం తీసుకుని, ఓటు ఇస్తే రెండు జాతుల మధ్య యుద్ధం వస్తుందని తేల్చేశాడు. ఆ నెలలోనే మాజీ బానిసల సహాయ సంస్థ అయిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో గడువు పెంచే బిల్లును వీటో చేశాడు. తరవాత పౌరహక్కుల బిల్లునూ తిప్పి పంపాడు. ఈ రెండు బిల్లుల కర్త ఇలినాయ్ సెనేటర్ లైమన్ ట్రంబుల్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది. ఏప్రిల్ 9 నాటికి ఉభయ సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో వీటోను తోసిపుచ్చి పౌరహక్కుల బిల్లును చట్టం చేశాయి. అంత ముఖ్యమైన చట్టాన్ని అధ్యక్షుడు కాదన్నా కాంగ్రెస్ నిలబెట్టడం అమెరికా చరిత్రలో అదే మొదలు.

ఇక్కడ అధ్యక్ష తరహా పాలన నడిచే తీరు బయటపడుతుంది. ప్రజలు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు, కాంగ్రెస్‌నూ వేరుగా ఎన్నుకుంటారు. ఇద్దరూ ప్రజల పేరే చెబుతారు. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే తీర్పు చెప్పే మూడో మనిషి లేడు. వచ్చే ఎన్నికల దాకా పోట్లాట సాగాల్సిందే. 1866 ఆగస్టు, సెప్టెంబరుల్లో జాన్సన్ ఊరూరా తిరిగి తన వాదన వినిపించాడు. క్లీవ్‌లాండ్‌లో, సెయింట్ లూయిస్‌లో గుంపులోంచి ఎవరో అరిస్తే వేదిక మీంచే వాళ్లతో తగువు పెట్టుకున్నాడు. అధ్యక్షుడు అలా మాట్లాడడం దేశం ఎరగదు. ఆ శీతాకాలానికి ఫలితాలు చూస్తే రెండు సభల్లోనూ వీటోను దాటించేటంత బలం రిపబ్లికన్లకు వచ్చింది. అలా ఓడిపోయిన ప్రధాని అయితే రాజీనామా చేసేవాడు. జాన్సన్ ఓడలేదు, ఎందుకంటే ఆ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు.

1867 మార్చి 2న కాంగ్రెస్ దెబ్బ మీద దెబ్బ కొట్టింది. టెనెసీ తప్ప మిగతా పది తిరుగుబాటు రాష్ట్రాలను అయిదు సైనిక మండలాలు చేసింది. నల్లజాతి పురుషులకు ఓటిచ్చే రాజ్యాంగాలు రాసుకుంటే తప్ప మళ్లీ కాంగ్రెస్‌లో చోటు లేదంది. సైన్యానికి అధ్యక్షుడిచ్చే ఆజ్ఞలన్నీ సైన్యాధిపతి జనరల్ గ్రాంట్ ద్వారానే పోవాలని మరో చట్టం పెట్టింది. సెనేట్ ఆమోదంతో నియమితుడైన అధికారిని సెనేట్ ఒప్పుకోనిదే తొలగించరాదని మూడోది.

ఈ మూడో చట్టం ఎందుకో అర్థం కావాలంటే యుద్ధ శాఖ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ సంగతి తెలియాలి. లింకన్ 1862లో పెట్టుకున్న మంత్రి ఆయన. జాన్సన్ మంత్రివర్గంలో కూర్చునే కాంగ్రెస్ పక్షం వహించాడు. దక్షిణాదిలో సైన్యం ఉంటేనే నల్లవాడు ఓటు వేయగలడు. అంతకు ముందు ఏడాది మెంఫిస్‌లో, న్యూ ఆర్లీన్స్‌లో నల్లవారిని మూకలు చంపేశాయి, న్యూ ఆర్లీన్స్‌లో పోలీసులే ముందు నిలిచి చంపారు. ఆ సైన్యానికి ఆజ్ఞలు పోయే కుర్చీలో ఎవరుంటారన్నది వాషింగ్టన్‌లో ఇద్దరు పెద్దమనుషుల పంతంగా కనిపించినా, మిసిసిపీలో చావుబతుకుల ప్రశ్న.

1867 డిసెంబరు 7న ప్రతినిధుల సభలో అభిశంసన తీర్మానం ఓటుకు వచ్చింది. 57 అనుకూలం, 108 వ్యతిరేకం. జాన్సన్‌ను అసహ్యించుకునేవాళ్లే దాన్ని ఓడించారు. ఆయన ఏ చట్టాన్ని ఉల్లంఘించాడో చూపించండి అన్నారు. ఆ పట్టుదలకు మూలం 80 ఏళ్ల కిందట ఫిలడెల్ఫియాలో ఉంది. 1787 సెప్టెంబరు 8న రాజ్యాంగ సభలో జార్జ్ మేసన్, రాజద్రోహం, లంచగొండితనంతో పాటు పాలన చెడగొట్టడాన్ని కూడా అభిశంసనకు కారణంగా చేర్చమన్నాడు. మరో సభ్యుడు మాడిసన్ అడ్డుపడ్డాడు. అంత వదులుగా రాస్తే సెనేట్‌కు ఇష్టమున్నన్నాళ్లే అధ్యక్షుడు ఉంటాడన్నాడు. మేసన్ ఆ మాట తీసేసి ఘోర నేరాలు, దుష్ప్రవర్తనలు అన్న మాటలు పెట్టాడు. పార్లమెంటు తరహా పాలనకూ అధ్యక్ష తరహా పాలనకూ దారులు చీలింది ఆ రోజే అని నా నమ్మకం. అవిశ్వాసానికి కారణం చెప్పనక్కర్లేదు. అభిశంసనకు నేరం కావాలి.

ఆ నేరాన్ని జాన్సన్ తానే చేతికందించాడు. 1868 ఫిబ్రవరి 21 శుక్రవారం సెనేట్ అనుమతి లేకుండానే స్టాంటన్‌ను బర్తరఫ్ చేసి, లొరెంజో థామస్ అనే వృద్ధ జనరల్‌ను ఆ స్థానంలో తాత్కాలికంగా నియమించాడు. స్టాంటన్ కదలలేదు. సెనేటర్ చార్లెస్ సమ్నర్ దగ్గర నుంచి, పట్టు వదలొద్దని ఒక్క ముక్కలో సందేశం వచ్చింది. స్టాంటన్ యుద్ధ శాఖ కార్యాలయంలోనే పడక వేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండానే థామస్ అరెస్టయ్యాడు, ఫిర్యాదు చేసింది స్టాంటనే. 5,000 డాలర్ల పూచీకత్తు మీద బయటకొచ్చి స్టాంటన్ దగ్గరికి వెళ్లి కుర్చీ ఖాళీ చేయమన్నాడు. చేయనన్నాడు ఆయన. పొద్దుట నుంచి తిండీ తాగుడూ లేవని థామస్ వాపోతే, స్టాంటన్ ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి విస్కీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. ఈ సంగతి తరవాత విచారణలో థామసే సాక్ష్యంగా చెప్పాడు. స్టాంటన్ మాత్రం మూడు నెలలు ఆ భవనాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం, ఫిబ్రవరి 24న ప్రతినిధుల సభ 126-47 ఓట్లతో అధ్యక్షుణ్ణి అభిశంసించింది. ముందు ఓటు వేసి, తరవాత తీరిగ్గా అభియోగాలు రాసుకున్నారు. మొత్తం 11. మొదటి ఎనిమిదీ ఏదో ఒక రూపంలో స్టాంటన్ తొలగింపు, థామస్ నియామకం గురించే. తొమ్మిదోది సైనికాజ్ఞల చట్టం మీద, పదోది 1866 నాటి ఉపన్యాసాల మీద, పదకొండోది అన్నీ కలిపి కట్టిన మూట. పౌరహక్కుల చట్టాన్ని నీరుగార్చడం, తోటల దొరలకు భూములు ఇప్పించడం, న్యూ ఆర్లీన్స్ రక్తపాతం: వీటిలో ఏ ఒక్కటీ ఆ పత్రంలో అభియోగంగా నిలబడలేదు. నా దృష్టిలో ఈ కేసు ఓడిపోయింది అక్కడే. జాన్సన్ మీద దేశానికున్న ఫిర్యాదు ఒకటి, సెనేట్ ముందు పెట్టిన ఫిర్యాదు మరొకటి.

అభిశంసన అంటే పదవి పోయినట్టు కాదు. ప్రతినిధుల సభ ఫిర్యాది, సెనేట్ న్యాయస్థానం, సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తాడు. దోషి అనడానికి మూడింట రెండు వంతులు కావాలి. గ్యాలరీ పాసుల కోసం ఊరంతా ఎగబడింది. ఫిర్యాది పక్షంలో పెద్ద దిక్కు థాడియస్ స్టీవెన్స్. జబ్బుతో నడవలేక కుర్చీలో మోయించుకుని సభకు వచ్చేవాడు, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. నిందితుడు ఒక్కరోజూ రాలేదు. ఆయన న్యాయవాది బెంజమిన్ కర్టిస్ చట్టం అక్షరాలనే పట్టుకున్నాడు. మంత్రులకు రక్షణ వాళ్లను నియమించిన అధ్యక్షుడి పదవీకాలం, ఆపైన ఒక నెల మాత్రమే అని ఆ చట్టంలోనే ఉంది. స్టాంటన్‌ను నియమించింది లింకన్. లింకన్ చనిపోయి మూడేళ్లు. మరి ఉల్లంఘన ఎక్కడ?

తెర వెనక వేరే లెక్కలు నడిచాయి. అప్పటికి ఉపాధ్యక్షుడి స్థానం ఖాళీ అయితే నింపే ఏర్పాటు రాజ్యాంగంలో లేదు, 1967లో గానీ అది రాలేదు. జాన్సన్ పోతే అధ్యక్షుడయ్యేది సెనేట్ తాత్కాలిక సభాపతి బెన్ వేడ్. స్త్రీలకు ఓటు కావాలనే మనిషి, వ్యాపార వర్గాలకు గిట్టనివాడు. కొందరు రిపబ్లికన్లకు తొమ్మిది నెలల్లో దిగిపోయే జాన్సన్ కంటే వేడ్ ఎక్కువ ప్రమాదంగా కనిపించాడు. జాన్సన్ కూడా తగ్గాడు. అందరికీ ఆమోదయోగ్యుడైన జనరల్ స్కోఫీల్డ్‌ను యుద్ధ మంత్రిగా ప్రతిపాదించి, ఇక గొడవ పెట్టనని మధ్యవర్తుల ద్వారా తెలియజేశాడు.

మే 16 శనివారం. పది దక్షిణాది రాష్ట్రాలు ఇంకా బయటే ఉన్నాయి కనుక సభలో 27 రాష్ట్రాల సెనేటర్లు 54 మంది. కావలసినవి 36. జాన్సన్‌కు ఖాయంగా 12 మంది ఉన్నారు. మిగిలిన 42లో ఆరుగురు జారినా ఆయన పదవి పోతుంది. ఎక్కువ ఓట్లు పడతాయనుకున్న పదకొండో అభియోగాన్నే ముందు తీసుకున్నారు. చేజ్ ఒక్కొక్కరి పేరూ పిలిచి, దోషియా, నిర్దోషియా అని అడుగుతున్నాడు. అయోవా సెనేటర్ గ్రైమ్స్ పక్షవాతం వచ్చి పడకలో ఉన్నవాడు, మోసుకొచ్చారు. ఆయన నిర్దోషి అన్నాడు. ఫెసెండన్, ఫౌలర్, హెండర్సన్ అదే మాట అన్నారు. కాన్సస్ నుంచి వచ్చిన కొత్త సెనేటర్ ఎడ్మండ్ రాస్ ఎటు అన్నది ఎవరికీ తెలియదు. ఆయనా నిర్దోషి అన్నాడు. చివరికి ట్రంబుల్, వాన్ వింకిల్. మొత్తం ఏడుగురు. దోషి అన్నవారు 35, కాదన్నవారు 19. తన ఓటుతో తానే అధ్యక్షుడు కాగల వేడ్ దోషి అని ఓటేశాడు. జాన్సన్ అల్లుడు పాటర్సన్ కూడా ఆ సభలో సెనేటరే, ఆయన నిర్దోషి అని ఓటేశాడు. పది రోజుల తరవాత రెండు, మూడు అభియోగాల మీదా అవే అంకెలు. విచారణ ముగిసింది. ఆ రోజే స్టాంటన్ కార్యాలయం ఖాళీ చేసి ఇంటికెళ్లాడు.

ఒక్క ఓటు తేడా కథ మనకూ ఉంది. 1999 ఏప్రిల్ 17న అమలాపురం నుంచి వెళ్లిన స్పీకర్ బాలయోగి అధ్యక్షతన లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో కూలింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న ప్రశ్నను బాలయోగి ఆయన అంతరాత్మకే వదిలారు. వాజ్‌పేయి మీద నేరారోపణ ఏదీ లేదు, అవసరమూ లేదు. మన దగ్గర సగానికి ఒక్కటి తగ్గితే ప్రభుత్వం పోతుంది. అక్కడ సగానికి ఎనిమిది ఎక్కువ వచ్చినా అధ్యక్షుడు మిగిలాడు.

ఆ ఏడుగురిలో పేరు మోగింది రాస్‌ది. 1956లో జాన్ కెనెడీ తన పుస్తకంలో ఆయనను ధీరుడిగా చిత్రించాడు. కానీ ఓటు వేసిన తరవాత రాస్ తనవాళ్లకు ఉద్యోగాలు అడుగుతూ జాన్సన్‌కు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. నేను తలవంచేది ట్రంబుల్‌కు. తన రెండు బిల్లుల్నీ వీటో చేసిన మనిషి ఆయన ముందు నిందితుడు. నల్లవారి హక్కుల్ని చట్టంగా రాసిన చెయ్యే ఆయన్ని వదిలేసింది. ప్రతినిధుల సభలో సగానికి మించి, సెనేట్‌లో మూడింట రెండు వంతులు తమతో ఏకీభవించని అధ్యక్షుణ్ణి ఇలా పంపేయగలిగితే ఇక ఏ అధ్యక్షుడికీ రక్షణ ఉండదన్నది ట్రంబుల్ వాదన. అది సరైన వాదనే. ఆ ఖరీదు కట్టింది మాత్రం ట్రంబుల్ కాదు, సెనేట్‌లో ఒక్క ప్రతినిధి కూడా లేని మాజీ బానిసలు. మిగిలిన నెలల్లోనూ జాన్సన్ వీటోలు ఆపలేదు. మొత్తం 29 వీటోల్లో 15 వీగిపోయాయి, ఏ అధ్యక్షుడికీ అన్ని వీగలేదు. ఆ క్రిస్మస్ రోజున తిరుగుబాటుదారులందరికీ బేషరతుగా క్షమాభిక్ష ప్రకటించాడు.

ఆ తరవాత ప్రతినిధుల సభ అభిశంసించిన అధ్యక్షులు ఇద్దరే. 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్. నిక్సన్ 1974లో సభలో ఓటింగు రాకముందే రాజీనామా చేశాడు. సెనేట్ చేతిలో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇప్పటికీ లేడు, అంత దగ్గరికి వచ్చినవాడు జాన్సన్ ఒక్కడే. గొడవకు మూలమైన ఉద్యోగుల తొలగింపు చట్టాన్ని కాంగ్రెస్ 1887లో రద్దు చేసింది. అలాంటి చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని 1926లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి విలియం టాఫ్ట్, ఒకప్పటి అధ్యక్షుడు.

1869 మార్చి 4న కొత్త అధ్యక్షుడు గ్రాంట్ ప్రమాణ స్వీకారానికి జాన్సన్ వెళ్లలేదు. టెనెసీ ఆయనను 1875లో మళ్లీ సెనేట్‌కు పంపింది. అధ్యక్ష పదవి చేశాక సెనేటర్ అయినవాడు ఇంతవరకూ ఆయన ఒక్కడే. కొన్ని నెలలే కూర్చున్నాడు, జూలై 31న మరణించాడు. అప్పటికి దక్షిణాదిలో సైన్యం ఇంకా ఉంది, నల్లవారు ఇంకా ఓటేస్తున్నారు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో టిల్డెన్‌కు ఓట్లు ఎక్కువ వచ్చాయి, హేస్ అధ్యక్షుడయ్యాడు, ఆ సైనికులు బారకాసులకు వెళ్లిపోయారు. ఆ బేరం ఎలా కుదిరిందో వచ్చే భాగంలో.